చాట్‌జీపీటీ బాట్‌ను ఫైర్‌వాల్ దాటి రానివ్వాలి, శిక్షణకు మాత్రం ఇవ్వకూడదు: నియమాలు ఎలా రాయాలి?

ప్రశ్న: మిరపతోట

నమస్కారం. మిరప, పత్తి, మామిడి సాగు గురించి తెలుగులో వ్యాసాలు ప్రచురించే ఒక చిన్న వెబ్‌సైటును నిర్వహిస్తున్నాను. వర్డ్‌ప్రెస్ సైటు, షేర్డ్ హోస్టింగ్, దాని ముందు క్లౌడ్‌ఫ్లేర్ (సైటుకు వచ్చే అభ్యర్థనలను ముందుగా వడపోసే సేవ) ఉచిత ప్లాను. పాఠకుల్లో అధికభాగం గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల రైతులు, వారి పిల్లలు. పిల్లల్లో కొందరు విదేశాల్లో ఉంటూ, ఇంటి దగ్గర నుంచి ఫోనులో వచ్చిన సందేహానికి అక్కడే సైటు వెతికి జవాబు చెబుతుంటారు.

2021-22లో మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు మీద మా సైటులో వివరమైన వ్యాసాలు ఉన్నాయి. వ్యవసాయ శాస్త్రవేత్తల సిఫారసులు మారినప్పుడల్లా వాటిని సవరిస్తూ వస్తున్నాము. ఈ మధ్య పాఠకులు ఇలాంటి ప్రశ్నలను నేరుగా చాట్‌జీపీటీనే అడుగుతున్నారు. ఆ జవాబుల కింద ఇచ్చే లింకుల్లో మా సైటు ఎక్కడా కనిపించడం లేదు. మా వ్యాసం లింకునే ఇచ్చి సారాంశం చెప్పమంటే, పేజీని తెరవలేకపోయానని అంటోంది. మందు మోతాదు వంటి విషయంలో ఎక్కడిదో పాత సమాచారం రైతుకు చేరడం కంటే, సవరించిన పేజీని చదివి, లింకుతో సహా చెప్పడమే మేలని నా ఉద్దేశం.

ఫైర్‌వాల్‌లో నేను రాసుకున్న నియమాలు రెండు. లాగిన్ పేజీ మీద దాడులు ఎక్కువైన రోజుల్లో, భారతదేశం వెలుపలి నుంచి వచ్చే ప్రతి అభ్యర్థనకూ మేనేజ్డ్ చాలెంజ్ (వచ్చింది మనిషేనా అని పరీక్షించే తెర) చూపేలా ఒకటి పెట్టాను. విదేశాల్లోని మనవాళ్ళు ఆ తెరను దాటి వస్తున్నారు కాబట్టి దాన్ని తీయలేదు. రెండోది ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ ఫైలును (బయటి ప్రోగ్రాములు వర్డ్‌ప్రెస్‌లోకి వచ్చే దారి) పూర్తిగా మూసివేసే నియమం. వీటితో పాటు బాట్ ఫైట్ మోడ్ (బాట్లను గుర్తించి ఆపే క్లౌడ్‌ఫ్లేర్ సదుపాయం) కూడా ఆన్‌లో ఉంది.

మా ఇంటి కంప్యూటరు నుంచి కర్ల్ (బ్రౌజరు లేకుండా పేజీని అడిగే సాధనం) ఆదేశంలో యూజర్ ఏజెంటుగా, అంటే అడిగేవారి పేరుగా, జీపీటీబాట్ అని పెట్టి అడిగితే 403 (అనుమతి లేదనే జవాబు) వస్తోంది. యూజర్ ఏజెంటులో ఆ పేరు ఉన్న అభ్యర్థనలన్నిటినీ తనిఖీ లేకుండా వదిలేసే నియమం ఒకటి రాస్తే చాలని ఒక వీడియోలో చూశాను. అది సురక్షితమేనా? మరొక సంగతి కూడా ఉంది. తమ వ్యాసాలను మోడళ్ళ శిక్షణకు వాడుకోవడం మా రచయితల్లో కొందరికి సమ్మతం కాదు. జవాబుల్లో లింకు రావాలి, శిక్షణకు మాత్రం పోకూడదు అన్న రెండు కోరికలూ ఒకేసారి తీరే మార్గం ఉందా?


జవాబు: లాగ్‌బుక్

మిరపతోట గారూ, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబు తేలితే మిగతా నియమాలు ఎలా రాయాలో దానంతట అదే తెలుస్తుంది. మీరు కోరుకున్న రెండూ ఒకేసారి సాధ్యమే, ఎందుకంటే చాట్‌జీపీటీని నడిపే ఓపెన్‌ఏఐ తరఫున మీ సైటుకు వచ్చే బాట్లు (మనిషి బదులు పేజీలను చదివే ప్రోగ్రాములు) ముఖ్యంగా మూడు, వాటి పనులు వేర్వేరు.

జీపీటీబాట్ మోడళ్ళ శిక్షణకు పనికివచ్చే పాఠాన్ని సేకరిస్తుంది. దీని పేరునూ, దీన్ని ఆపే పద్ధతినీ ఓపెన్‌ఏఐ 2023 ఆగస్టులో బహిరంగంగా ప్రకటించింది. ఓఏఐ-సెర్చ్‌బాట్ చాట్‌జీపీటీలోని సెర్చ్ సదుపాయం కోసం పేజీలను చదివిపెట్టుకుంటుంది. దీన్ని ఆపిన సైట్లను సెర్చ్ జవాబుల్లో చూపించబోమని, మహా అయితే వట్టి లింకుగా కనిపించవచ్చునని ఓపెన్‌ఏఐ చెబుతోంది. మూడోదైన చాట్‌జీపీటీ-యూజర్ తనంత తానుగా వెబ్ మీద తిరగదు. ఎవరైనా ఒక లింకు ఇచ్చి చదవమన్నప్పుడో, వారి ప్రశ్నకు జవాబు వెతికే క్రమంలో ఫలానా పేజీని తెరవవలసి వచ్చినప్పుడో ఆ పేజీ కోసం వస్తుంది. మీరు లింకు ఇచ్చినప్పుడు గుమ్మం దగ్గర ఆగిపోయింది ఈ మూడోదే. జవాబుల్లో మీ సైటు కనిపించకపోవడానికి కారణం చాలావరకు రెండోది లోపలికి రాలేకపోవడమే అయి ఉంటుంది. మీరు కర్ల్‌తో పరీక్షించి చూసింది మాత్రం మొదటిదాన్ని, అంటే మీరు రానివ్వదలచుకోని దాన్ని.

కాబట్టి రోబోట్స్ ఫైలులో (ఏ బాట్ ఏ పేజీలు చదవవచ్చో చెప్పే ఫైలు) జీపీటీబాట్‌కు నిషేధమూ, ఓఏఐ-సెర్చ్‌బాట్‌కు అనుమతీ విడివిడిగా రాయండి. ఆ మార్పు సెర్చ్ ఫలితాల వ్యవస్థకు చేరడానికి సుమారు 24 గంటలు పట్టవచ్చు. చాట్‌జీపీటీ-యూజర్ విషయం వేరు. అది మనిషి అడిగితే వచ్చేది కాబట్టి రోబోట్స్ ఫైలు నియమాలు దానికి వర్తించకపోవచ్చని ఓపెన్‌ఏఐ తన పత్రాల్లోనే రాసింది. దాన్ని ఆపాలన్నా, రానివ్వాలన్నా మీ చేతిలో ఉన్న సాధనం ఫైర్‌వాల్ ఒక్కటే.

మీ రచయితల అభ్యంతరాన్ని గౌరవించాలంటే ఒక్క ఓపెన్‌ఏఐతో సరిపెట్టుకోలేరు. క్లాడ్ చాట్‌బాట్‌ను తయారుచేసే ఆంత్రోపిక్‌కు కూడా ఇదే తీరులో క్లాడ్‌బాట్, క్లాడ్-సెర్చ్‌బాట్, క్లాడ్-యూజర్ అని మూడు ఉన్నాయి. శిక్షణకు సంబంధించింది మొదటిది. కామన్ క్రాల్ సంస్థ నడిపే సీసీబాట్ సేకరించిన పాఠాన్ని ఎన్నో మోడళ్ళ తయారీలో వాడారు, కాబట్టి దాన్ని మరచిపోవద్దు. గూగుల్ పద్ధతి భిన్నంగా ఉంటుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన గూగుల్-ఎక్స్‌టెండెడ్ అనే పేరు రోబోట్స్ ఫైలులో రాసుకునే గుర్తు మాత్రమే. ఆ పేరుతో ఏ బాటూ రాదు. ఫైర్‌వాల్ లాగులో దాన్ని వెతుకుతూ గంటలు గడిపినవారిని నేను చూశాను.

ఇక కర్ల్ పరీక్ష సంగతి. యూజర్ ఏజెంట్ అంటే వచ్చినవారు తమ గురించి తాము చెప్పుకునే మాట. అందులో ఎవరు ఏ పేరైనా రాసుకోవచ్చు. ఇంటి ఇంటర్నెట్ అడ్రసు నుంచి జీపీటీబాట్ పేరుతో అభ్యర్థన వస్తే, పేరుకూ అడ్రసుకూ పొంతన లేదని గ్రహించి 403 ఇచ్చిన ఫైర్‌వాల్ తన పని తాను సరిగానే చేస్తున్నట్టు. ఒకవేళ మీకు 200 (పేజీ అందిందనే జవాబు) వచ్చి ఉన్నా దాని వల్ల తెలిసేది ఏమీ లేదు. మీరు భారతదేశం నుంచి అడిగారు కాబట్టి దేశం నియమం మీకు అడ్డురాదు. నిజమైన బాట్ వచ్చేది ఎక్కువగా అమెరికాలో ఉన్న మైక్రోసాఫ్ట్ అజూర్ అడ్రసుల నుంచి. నా అంచనా ప్రకారం మీ సమస్యకు మూలం ఆ దేశం నియమమే: మేనేజ్డ్ చాలెంజ్‌ను బ్రౌజరు ఉన్న మనిషి దాటగలడు గానీ, పేజీ పాఠం కోసం వచ్చిన బాట్ దాటలేదు.

వీడియోలో చెప్పిన నియమాన్ని దయచేసి రాయకండి. పేరు ఒక్కటే చూసి తనిఖీలన్నీ ఎత్తివేస్తే, మీ లాగిన్ పేజీ మీద దాడి చేసేవాడు తన స్క్రిప్టులో ఒక్క వరుస మార్చుకుని నేరుగా లోపలికి వస్తాడు. మరికొందరు అజూర్‌కు చెందిన ఏఎస్‌ఎన్ (ఒక నెట్‌వర్కు అడ్రసులన్నిటినీ కలిపి సూచించే సంఖ్య) మొత్తాన్నీ అనుమతించమంటారు. ఆ అడ్రసుల్లో సర్వరు అద్దెకు తీసుకోవడానికి ఎవరికైనా ఒక క్రెడిట్ కార్డు చాలు.

ఉచిత ప్లానులో మీకు ఐదు కస్టమ్ నియమాల వరకు అవకాశం ఉంది. వాటిలో అన్నిటికంటే పైన ఒక నియమం పెట్టండి. యూజర్ ఏజెంటులో ఓఏఐ-సెర్చ్‌బాట్ గానీ చాట్‌జీపీటీ-యూజర్ గానీ ఉండాలి. దానితో పాటు నోన్ బాట్స్ అనే అంశం నిజం కావాలి. అడిగిన చిరునామా లాగిన్ పేజీ గానీ అడ్మిన్ విభాగం గానీ ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ ఫైలు గానీ కాకూడదు. ఈ మూడు షరతులూ కలిస్తే చర్యగా స్కిప్ ఎంచుకుని, మిగిలిన కస్టమ్ నియమాలను దాటవేయమనండి, అంతకు మించి వేరే తనిఖీలేవీ టిక్ చేయవద్దు. నోన్ బాట్స్ షరతే ఇక్కడ అసలు కాపలా. ఆ పేరుతో వచ్చింది నిజంగా ఆ బాటేనా అన్నది క్లౌడ్‌ఫ్లేర్ ముందే సరిచూసి ఇచ్చే ఫలితం అది. కాబట్టి ఓపెన్‌ఏఐ ప్రచురించే ఐపీ జాబితాలను మీరు చేత్తో ఎక్కించి, అవి మారినప్పుడల్లా సరిదిద్దే శ్రమ తప్పుతుంది. నియమాలు పై నుంచి కిందికి వరుసలో అమలవుతాయి. ఇది దేశం నియమం కింద ఉంటే రాసినా రాయనట్టే.

మరొకటి కూడా చూసుకోండి. డాష్‌బోర్డులో ఏఐ బాట్లను నిరోధించే స్విచ్ ఒకటి వేరుగా ఉంటుంది. 2025 జూలై 1 నుంచి కొత్తగా చేరే డొమైన్లకు ఏఐ క్రాలర్లను ఆపడమే క్లౌడ్‌ఫ్లేర్ డిఫాల్టుగా చేసింది. మీది పాత డొమైనే అయినా, ఎప్పుడో ఎవరో దాన్ని నొక్కి ఉండవచ్చు.


జవాబు: పాతసర్వర్

లాగ్‌బుక్ గారు చెప్పిన పద్ధతితో నాకు పేచీ లేదు. అయితే అనుమతించాలా వద్దా అన్న ప్రశ్నను ఇద్దరూ దాటేశారు కాబట్టి రెండు మాటలు రాస్తున్నాను.

సెర్చ్ ఇంజను సైటును చదివితే పాఠకుణ్ణి సైటుకు పంపేది, అది ఇచ్చిపుచ్చుకోవడం. చాట్‌బాట్ చదివితే జవాబును అక్కడే ఇచ్చేస్తుంది, పాఠకుడికి మీ దాకా వచ్చే అవసరం చాలాసార్లు ఉండదు. బరువు మాత్రం మీ సర్వరు మోస్తుంది. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2025 ఏప్రిల్‌లో తన లెక్కలు బయటపెట్టింది. 2024 జనవరి నుంచి మల్టీమీడియా ఫైళ్ళ డౌన్‌లోడుకు ఖర్చయ్యే బ్యాండ్‌విడ్త్ 50 శాతం పెరిగింది. పేజీ వీక్షణల్లో బాట్ల వాటా 35 శాతమే అయినా, అత్యంత ఖరీదైన ట్రాఫిక్‌లో మాత్రం వాటి వాటా 65 శాతం. అందరూ చదివే కొత్త పేజీ కాషేలో, అంటే వెంటనే ఇవ్వడానికి దాచి ఉంచిన ప్రతుల్లో ఉంటుంది. బాట్ మాత్రం ఏ మూలో ఉన్న పాత పేజీలను కూడా వరుసగా అడుగుతుంది, వాటిని ప్రతిసారీ అసలు సర్వరే అందించాలి. అంత పెద్ద సంస్థకే అది భారమైతే, నెలకు కొన్ని వందల రూపాయల షేర్డ్ హోస్టింగ్ సంగతి వేరే చెప్పాలా? పైగా క్లౌడ్‌ఫ్లేర్ డిఫాల్టుగా చిత్రాలు, స్టైల్ ఫైళ్ళ వంటివాటినే కాషే చేస్తుంది, హెచ్‌టీఎంఎల్ పేజీలను చేయదు. మీరు అనుమతించిన ప్రతి బాట్ అభ్యర్థనా నేరుగా మీ పీహెచ్‌పీ (సర్వరులో వర్డ్‌ప్రెస్‌ను నడిపే ప్రోగ్రాము) మీద పడుతుంది. అనుమతించే ముందు, లాగిన్ కాని సందర్శకులకు హెచ్‌టీఎంఎల్‌ను కూడా కాషే నుంచి ఇచ్చే నియమం పెట్టుకోండి.

రోబోట్స్ ఫైలు మీద పెట్టుకున్న నమ్మకం గురించి కూడా ఒక మాట. 1994లో మార్టిన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ పద్ధతి 2022 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ పత్రంగా ప్రమాణమైంది. ప్రమాణమైనా అది విన్నపమే, తాళం కాదు. 2025 ఆగస్టులో పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ సెర్చ్ సంస్థ మామూలు క్రోమ్ బ్రౌజరులా కనిపించే, ప్రకటించని క్రాలర్లతో నిషేధాలను దాటుతోందని క్లౌడ్‌ఫ్లేర్ ఆరోపించి, ఆ సంస్థ బాట్‌ను ధ్రువీకరించిన బాట్ల జాబితా నుంచి తొలగించింది. పర్‌ప్లెక్సిటీ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఎవరి మాట నిజమైనా, శిక్షణ వద్దనుకునేవారు జీపీటీబాట్‌ను, సీసీబాట్‌ను ఫైర్‌వాల్‌లో కూడా ఆపాలన్నదే నా సలహా.

మన దేశంలో చట్టం ఏమంటుందన్నది ఇంకా తేలవలసి ఉంది. తమ వార్తలను అనుమతి లేకుండా శిక్షణకు వాడారంటూ ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో ఓపెన్‌ఏఐ మీద దావా వేసింది. అలాంటి వివాదాల్లో మీరు వద్దని చెప్పిన సంగతికి రుజువుగా నిలిచేది మీ రోబోట్స్ ఫైలు పాత ప్రతులూ, ఫైర్‌వాల్ నియమాలూ. ఈ మార్పులు ఎప్పుడు చేశారో ఒక చోట రాసి ఉంచుకోండి.


జవాబు: మిరపతోట

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాతసర్వర్ గారి ప్రశ్న న్యాయమైనదే. మాది ప్రకటనల ఆదాయంతో నడిచే సైటు కాదు కాబట్టి పాఠకుడు మా దగ్గరికి రాకపోయినా, సరైన మోతాదు అతనికి చేరితే మాకు నష్టం లేదు. రచయితల అనుమతి లేని చోట మాత్రం గీత గీయాలి. అందువల్ల ఓఏఐ-సెర్చ్‌బాట్, చాట్‌జీపీటీ-యూజర్ రెండింటినీ రానిచ్చి, జీపీటీబాట్, క్లాడ్‌బాట్, సీసీబాట్‌లను రోబోట్స్ ఫైలులోనూ ఫైర్‌వాల్‌లోనూ ఆపాను.

లాగ్‌బుక్ గారి అంచనా నిజమైంది. సెక్యూరిటీ ఈవెంట్స్‌లో (క్లౌడ్‌ఫ్లేర్ చర్య తీసుకున్న అభ్యర్థనల చిట్టా) యూజర్ ఏజెంటు ప్రకారం వడపోసి చూస్తే, రెండు బాట్లకూ చాలెంజ్ ఇచ్చింది దేశం నియమమేనని స్పష్టంగా కనిపించింది. స్కిప్ నియమాన్ని పైన పెట్టిన తరువాత ఓఏఐ-సెర్చ్‌బాట్ అభ్యర్థనలు సాఫీగా వస్తున్నాయి.

అయితే కొత్త చిక్కు ఒకటి తేలింది. చాట్‌జీపీటీకి కొన్ని పేజీల లింకులు ఇస్తే తెరుస్తోంది, కొన్ని ఇస్తే తెరవలేకపోతోంది. ఇంగ్లిషు అక్షరాల చిరునామాలున్న పేజీలు దాదాపు అన్నీ తెరుచుకుంటున్నాయి. తెలుగు అక్షరాల చిరునామాలున్నవాటికి తరచూ 403 వస్తోంది. అవే పేజీలు నా బ్రౌజరులో నిక్షేపంగా తెరుచుకుంటున్నాయి. ఆ 403లకు సెక్యూరిటీ ఈవెంట్స్‌లో ఏ నమోదూ లేదు. హోస్టింగ్ వారిని అడిగితే తమ వైపు అంతా బాగానే ఉందని, క్లౌడ్‌ఫ్లేర్‌ను అడగమని జవాబిచ్చారు. బాట్ ఫైట్ మోడ్‌ను తీసేయాలా? దానికి కూడా మినహాయింపు రాయవచ్చా?


జవాబు: రాత్రిడ్యూటీ

నేను చాలాకాలం ఒక హోస్టింగ్ సంస్థ సాంకేతిక సహాయ విభాగంలో పనిచేశాను. ఈ వర్ణన వింటే నాకు క్లౌడ్‌ఫ్లేర్ మీద అనుమానం రావడం లేదు. అక్కడ ఆగిన అభ్యర్థన ఈవెంట్స్‌లో కనిపించాలి. అక్కడ నమోదు లేకుండా 403 వచ్చిందంటే, అది మీ హోస్టింగ్ సర్వరు ఇచ్చినది కావడానికే ఎక్కువ అవకాశం. క్లౌడ్‌ఫ్లేర్ చాలెంజ్ చూపినప్పుడు స్పందన హెడర్లలో (పేజీతో పాటు వచ్చే వివరాల వరుసల్లో) సీఎఫ్-మిటిగేటెడ్ అనే వరుస ఉంటుంది. అది లేని 403 అయితే అనుమానం ఇంకా బలపడుతుంది. సర్వర్ అనే హెడరులో క్లౌడ్‌ఫ్లేర్ అని ఉంది కదా అని పొరబడకండి, వెనుక నుంచి వచ్చిన స్పందనకు కూడా ఆ పేరే ఉంటుంది.

షేర్డ్ హోస్టింగ్‌లలో సాధారణంగా మాడ్‌సెక్యూరిటీ అనే మరో ఫైర్‌వాల్, దాని మీద ఓవాస్ప్ అనే వెబ్ భద్రతా సంస్థ తయారుచేసిన నియమాల సముదాయమైన కోర్ రూల్ సెట్ నడుస్తుంటాయి. తెలుగు చిరునామాలతో దాని సంబంధం కొంచెం వివరంగా చెప్పాలి. యూటీఎఫ్-8లో (కంప్యూటరులో అక్షరాలను దాచే పద్ధతి) ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు. చిరునామాలో పర్సెంట్ గుర్తులతో రాసేసరికి ఒక్కొక్కటి తొమ్మిది అక్షరాలవుతుంది. "నల్ల" అన్న చిన్న మాటలో న, ల, పొల్లు, ల అని నాలుగు సంకేతాలు ఉన్నాయి, అంటే అది చిరునామాలో 36 అక్షరాల పొడవు. (వర్డ్‌ప్రెస్ పోస్టు చిరునామాకు 200 హద్దు పెడుతుంది కాబట్టి మన శీర్షికలు 22 సంకేతాల దగ్గరే తెగిపోతాయి. మీ లింకులు సగం మాట దగ్గర ఆగిపోయి కనిపించడానికి కారణం ఇదే.) కోర్ రూల్ సెట్‌ను పై స్థాయి అనుమానంతో నడిపితే, ఇంగ్లిషు అక్షరాల పరిధి దాటిన ప్రతిదాన్నీ సందేహించే నియమాలు కూడా అమల్లోకి వస్తాయి.

మరి మీ బ్రౌజరుకు ఎందుకు తెరుచుకుంటోంది? ఈ వ్యవస్థ ఒక్కొక్క అనుమానానికి కొన్ని పాయింట్లు వేసి, మొత్తం ఒక హద్దు దాటినప్పుడే ఆపుతుంది. తెలుగు చిరునామాకు పడిన పాయింట్లతో బ్రౌజరు హద్దు లోపలే ఉండిపోయి, బాట్‌కు మాత్రం హెడర్లు తక్కువగా ఉన్నందుకో, పేరులో బాట్ లక్షణాలు ఉన్నందుకో మరికొన్ని పాయింట్లు తోడై ఉండవచ్చు. ఇది నా ఊహ. నిర్ధారించగలిగేది మాడ్‌సెక్యూరిటీ లాగు మాత్రమే, అది హోస్టింగ్ వారి దగ్గర ఉంటుంది. "సైటు తెరుచుకోవడం లేదు" అని రాస్తే వారు తమ బ్రౌజరులో తెరిచి చూసి టికెట్ మూసేస్తారు. ఆ ఉద్యోగంలో ఉన్నప్పుడు మేమూ అదే చేసేవాళ్ళం. 403 వచ్చిన పేజీ పూర్తి చిరునామా, సెకనుతో సహా సమయం, యూజర్ ఏజెంట్ ఇచ్చి, ఆ అభ్యర్థనను ఆపిన నియమం సంఖ్య ఏమిటో చెప్పమనీ, నా డొమైను వరకు ఆ సంఖ్యను మాత్రమే మినహాయించమనీ అడగండి. మాడ్‌సెక్యూరిటీని మొత్తంగా ఆపేస్తామని వారే సులువైన దారి చూపవచ్చు, ఒప్పుకోకండి.

అదే టికెట్‌లో ఇంకొకటి కూడా అడగండి. క్లౌడ్‌ఫ్లేర్ వెనుక ఉన్న సర్వరుకు సందర్శకులందరూ క్లౌడ్‌ఫ్లేర్ అడ్రసుల నుంచే వస్తున్నట్టు కనిపిస్తారు. అసలు అడ్రసు సీఎఫ్-కనెక్టింగ్-ఐపీ అనే హెడరులో ఉంటుంది. సర్వరు దాన్ని చదివేలా అమర్చకపోతే, అక్కడి వేగ పరిమితి ఒక బాట్ చేసిన తాకిడిని క్లౌడ్‌ఫ్లేర్ అడ్రసు ఖాతాలో వేసి ఆ అడ్రసును కాసేపు నిషేధిస్తుంది. అప్పుడు అదే అడ్రసు మీదుగా వస్తున్న మీ పల్నాడు రైతు కూడా బయట నిలబడిపోతాడు. వర్డ్‌ప్రెస్‌లో భద్రతా ప్లగిన్ ఉంటే అందులో కూడా ఈ అమరిక ఉందో లేదో చూడండి.

బాట్ ఫైట్ మోడ్ సంగతి: ఉచిత ప్లానులోని ఈ సదుపాయం స్కిప్ నియమానికి లోబడదు. ఐపీ యాక్సెస్ నియమంలో ఉన్న అడ్రసుల జోలికి మాత్రం అది పోదు. వినడానికి ఇది మార్గంలాగే ఉంటుంది. కానీ ఐపీ యాక్సెస్ నియమాలు ఐపీవీ4లో విడి అడ్రసులను, లేదా /24, /16 పరిమాణపు వరుసలను మాత్రమే తీసుకుంటాయి. ఓపెన్‌ఏఐ ప్రచురించే జాబితాల్లో చాలా వరుసలు /28వి, అంటే 16 అడ్రసులవి. వాటి కోసం /24 తెరిస్తే 256 అడ్రసులకు తలుపు తీసినట్టు, మిగిలిన 240 ఎవరి చేతిలో ఉన్నాయో మీకు తెలియదు. మీ ఈవెంట్స్‌లో ఈ రెండు బాట్ల మీద చర్య తీసుకున్నది బాట్ ఫైట్ మోడ్ అని ఎక్కడా రాకపోతే దాన్ని కదిలించకండి. వస్తే, దాన్ని ఆపేసి, ఉచిత ప్లానులో దొరికే ఒక్క వేగ పరిమితి నియమాన్ని లాగిన్ పేజీ మీద పెట్టుకోవడం మెరుగు.


జవాబు: లాగ్‌బుక్

రాత్రిడ్యూటీ గారి వివరణకు ఒక చేర్పు. మిరపతోట గారూ, జీపీటీబాట్, క్లాడ్‌బాట్, సీసీబాట్‌లను ఫైర్‌వాల్‌లో ఆపిన నియమంలో రోబోట్స్ ఫైలుకు మినహాయింపు ఇచ్చారా? ఇవ్వకపోతే ఇప్పుడే ఇవ్వండి. ఆర్‌ఎఫ్‌సీ 9309 ప్రకారం రోబోట్స్ ఫైలు అడిగినప్పుడు 400 వరుసలోని లోపం వస్తే, ఆ ఫైలు లేనట్టే భావించి సైటులో ఏ పేజీనైనా చదవడానికి క్రాలరుకు వీలుంది. 500 వరుసలోని లోపం వస్తే మాత్రం అంతా నిషేధమని అనుకోవాలి. మీరు 403తో రోబోట్స్ ఫైలును కూడా మూసేస్తే, వద్దని రాసిన మాటను వారు చదవకుండా మీరే అడ్డుకున్నట్టవుతుంది. పాతసర్వర్ గారు చెప్పిన రుజువు కూడా అప్పుడు బలహీనపడుతుంది.

ఆ ఫైలును బ్రౌజరులో ఒకసారి తెరిచి చూడండి కూడా. క్లౌడ్‌ఫ్లేర్‌లో రోబోట్స్ ఫైలును వారే నిర్వహించే అమరిక ఆన్‌లో ఉంటే, మీరు రాసిన వరుసలకు పైన వారి వరుసలు చేరతాయి. ఒక బాట్ పేరుతో ప్రత్యేక విభాగం ఉన్నప్పుడు, అందరికీ వర్తించే నక్షత్రం విభాగంలోని నిషేధాలను ఆ బాట్ పట్టించుకోదు. కాబట్టి అడ్మిన్ విభాగానికి వెళ్ళవద్దన్న వరుసను ఓఏఐ-సెర్చ్‌బాట్ విభాగంలో మళ్ళీ రాయాలి.


జవాబు: మిరపతోట

రోబోట్స్ ఫైలుకు మినహాయింపు ఇవ్వలేదు, ఇప్పుడు చేర్చాను. హోస్టింగ్ వారికి మీరు చెప్పినట్టు సమయం, చిరునామా, యూజర్ ఏజెంటుతో టికెట్ పెట్టాను. ఈసారి నియమం సంఖ్యతో సహా జవాబు వచ్చింది: ఆపినది వారి మాడ్‌సెక్యూరిటీయే, అదీ చిరునామాలోని అక్షరాల మీద ఉన్న నియమం. మా డొమైనుకు ఆ సంఖ్యను మినహాయించాక నల్ల తామర పురుగు వ్యాసాన్ని చాట్‌జీపీటీ తెరిచి చదివింది. ఈవెంట్స్‌లో బాట్ ఫైట్ మోడ్ పేరు ఈ రెండు బాట్ల మీద ఎక్కడా లేదు, అందుకని దాన్ని అలాగే ఉంచాను.

చివరిగా ఒక సందేహం. మందు మోతాదుల పట్టికలను మేము ఒక జావాస్క్రిప్ట్ ప్లగిన్‌తో చూపిస్తాము. వ్యాసంలోని మిగతా భాగమంతా సారాంశంలో వచ్చింది గానీ పట్టికలోని అంకెలు రాలేదు. ఇది కూడా ఫైర్‌వాల్ పనేనా?


జవాబు: రాత్రిడ్యూటీ

కాదండీ. ఈ బాట్లు సాధారణంగా జావాస్క్రిప్ట్‌ను నడపవు. సర్వరు పంపిన హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న పాఠాన్నే చదువుతాయి. బ్రౌజరులో పేజీ సోర్స్ తెరిచి మోతాదు అంకె కోసం వెతకండి. అక్కడ కనిపించకపోతే బాట్‌కు కూడా కనిపించదు. మీ విషయంలో ఇది ముఖ్యం, ఎందుకంటే పట్టిక దొరకని చాట్‌బాట్ ఆ అంకెను వేరే చోటి నుంచి తెచ్చి, మీ లింకు పక్కన పెట్టే ప్రమాదం ఉంది. ఆ పట్టికలను మామూలు హెచ్‌టీఎంఎల్ పట్టికలుగా మార్చి, ప్రతి పట్టిక పైన సవరించిన తేదీ రాయండి. హెచ్‌టీఎంఎల్ కాషే నియమం పెట్టుకుని ఉంటే, పట్టిక సవరించిన ప్రతిసారీ ఆ పేజీ కాషేను ఖాళీ చేయడం మరవద్దు, లేకపోతే బాట్‌కు పాత మోతాదే అందుతుంది.

చాట్‌జీపీటీ నుంచి వచ్చే పాఠకులను లెక్కించాలనుకుంటే, అది తన లింకుల చివర యూటీఎం సోర్స్ అనే గుర్తుగా చాట్‌జీపీటీ డాట్ కామ్ అని చేరుస్తుంది; మీ అనలిటిక్స్‌లో ఆ పేరుతో వడపోయండి. కాషే నియమంలో ఆ గుర్తును పట్టించుకోకుండా వదిలేసే ఏర్పాటు మీ ప్లానులో దొరికితే వాడుకోండి. అది లేకపోతే ఒకే వ్యాసం రెండు వేర్వేరు చిరునామాలుగా కాషేలో చేరి, ఖాళీ చేసేటప్పుడు రెండోది మిగిలిపోతుంది.